ఎదురింటికి పోయిన సామాను

"అవ్వను మంచంతో సహా ఎత్తి బయట పెట్టండి. ఇంగో పదిమంది పడతారు."

ఈ మాటన్నది ఆ ఇంటి మనిషి కాదు. ఆళ్లగడ్డ నుంచి చర్చి కొయర్‌తో పాటు పాటలు పాడ్డానికి వచ్చిన ఒక అమ్మాయి. చంకలో పాటల పుస్తకం పెట్టుకుని, గడపలో నిలబడి, ఇల్లంతా కళ్లతోనే కొలిచేస్తోంది. ప్రదీప్‌కు ఒళ్లు మండింది.

"మా అవ్వ యాడుండాల్నో నువ్వు చెప్తాండావేందీ?"

"నేను చెప్పకపోతే మీ అవ్వ మీద ఎవరో ఒకరు కూర్చుంటారు బ్రదర్."

మంచం మీదున్న దానమ్మవ్వకు వయసైంది గానీ చెవులు గట్టివే. "ఆ పిల్ల చెప్పేది నిజమే లేరా. పోయినసారి ఆ లావుపాటాయప్ప నా కాలి మీదనే కూర్చున్యాడు. బయట గాలన్నా వస్తాది, ఎత్తండి," అంది.

తప్పంతా ప్రదీప్ నాయన జకరయ్యది. ఈ వారం గృహకూడిక, అదే ఇంట్లో పెట్టుకునే ప్రార్థన, ఎవరింట్లో అని చర్చిలో పాస్టరుగారు అడగడం ఆలస్యం, ఆయన చెయ్యి పైకి లేచిపోతుంది. ఇల్లు చూస్తే నంద్యాల స్టేషను వెనక సందులో, ముందొక గది, వెనకొక వంటగది. నేలకు మంచి బేతంచెర్ల బండలు పరిపించాడు గానీ ఆ బండలు కనపడితే కదా. విత్తనాల గోడౌన్‌లో పనిచేసే జకరయ్య తెచ్చిపెట్టిన డబ్బాలు ఒకవైపు. ప్రదీప్ వాళ్లమ్మ, అంగన్‌వాడీ టీచరమ్మ ప్రేమకుమారి చార్టులు, బొమ్మలు ఇంకోవైపు. ప్రైవేటు స్కూల్లో ఆటల సారు ప్రదీప్ తెచ్చిన ఫుట్‌బాళ్లు, నెట్లు, వికెట్లు అన్నివైపులా. స్కూల్లో వాటికి గది లేదట, ఇక్కడేదో ఉన్నట్టు.

ఆ అమ్మాయి పేరు ప్రవళిక. ఆళ్లగడ్డలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టు. అగ్గిపెట్టెంత షాపులో వేల మందులు సర్దే చేతులు ఊరుకుంటాయా? ఫుట్‌బాళ్లన్నీ నెట్‌లో పోసి మూటగట్టి కప్పు కొక్కేనికి వేలాడదీయించింది. ట్రంకుపెట్టెలు గోడవారగా జరిపి ముసలివాళ్లకు బెంచీ చేసింది. చిన్నపిల్లల్ని వరసగా వంటగట్టు మీద ఎక్కించింది. మనుషులందరూ పట్టారు, ఒక్క ప్రదీప్ తప్ప. వాడు సందులో, అవ్వ మంచం పక్కన నిలబడి, సొంత ఇంటి కిటికీలోంచి తొంగిచూస్తూ పాటలు పాడాడు. పాటల మధ్యలో ఆమె కిటికీ వైపు చూసింది. ఆ చరణం వాడికి గుర్తు రాలేదు.

పోయేముందు ఆమె చెప్పులు వేసుకుంటూ అంది: "ఆ ఫుట్‌బాళ్లు కిందికి దించొద్దు బ్రదర్. ఆడనే బాగున్యాయి."

"దించుతా. మా ఇల్లు, మా ఇష్టం."

దించలేదు.

కొయర్ గ్రూపులో నంబరు దొరికాక మెసేజీలు మొదలయ్యాయి. మొదట్లో "ప్రైజ్ ది లార్డ్ బ్రదర్, బాళ్లు దించినారా?" అని వచ్చేది. కొన్నాళ్లకు "ప్రైజ్ ది లార్డ్" మాత్రమే మిగిలి బ్రదర్ ఎగిరిపోయాడు. ఇంకొన్నాళ్లకు "తిన్యావా?" అని వచ్చింది. ప్రదీప్ ఆ ఒక్క మాటను స్కూలు గ్రౌండులో నిలబడి ఎన్నిసార్లు చదివాడో, పిల్లలు గోల్ కొట్టినా విజిల్ ఊదడం మర్చిపోయాడు.

రెండూళ్ల చర్చి యూత్ వాళ్లంతా కలిసి బెలుం గుహలకు పోయిన రోజు అసలు మాట బయటపడింది. లోపల ఒకటే ఉక్క. ఇరుకు దారి దగ్గర గుంపు ఆగిపోతే, ప్రవళిక చెమట తుడుచుకుంటూ గోడల్లోని గూళ్లకేసి చూసింది.

"మా షాపులో మందులన్నీ ఈడ సర్దేయొచ్చు."

"నీకు యాడికి పోయినా సర్దేదే పనా?"

"మాది టైలరింగ్ ఇల్లు. ఉండే ఒక్క గది నిండా మిషన్లే. టెన్త్ దాకా నేను కటింగ్ టేబుల్ కింద పండుకున్యా. యాడన్నా చోటు మిగిలిందా అని చూడ్డం అప్పటి నుంచే అలవాటైపాయ."

ప్రదీప్ గొంతు సర్దుకున్నాడు. "ఒక మాట చెప్తా. నవ్వొద్దు."

"చెప్పు."

"నువ్వంటే నాకు ఇష్టం. శానా ఇష్టం. తీసుకొచ్చి యాడ పెట్టాల్నో తెలీక ఇన్నాళ్లూ చెప్పలే."

"నేనేమన్నా బీరువానా, పెట్టేదానికి?"

వెనక నుంచి ఎవరో "కదలండప్పా, ఊపిరాడ్డంలే" అని నెట్టారు. ఆ తోపులాటలో ఆమె వాడి భుజానికి ఆనుకుని, గబుక్కున జరిగి, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగింది. "మా నాయన దగ్గరికి పాస్టరుగారిని పంపించు," అంది. చీకట్లో కూడా ఆమె నవ్వుతోందని తెలిసిపోయింది.

పాస్టరుగారు ఆళ్లగడ్డ పోయి మాట్లాడి వచ్చారు. ప్రవళిక నాయన రాజరత్నం కాదనలేదు, ఔననలేదు. తల్లి లేని పిల్ల, మేనత్త మంజుల చేతుల్లో పెరిగిన పిల్ల. "ముందు ఇల్లు చూస్తాం. పిల్లను గూడ తీసుకొస్తాం. ఉండేది అది కదా," అని కబురుపెట్టాడు. అబ్బాయి ఇల్లు చూడందే మా వైపు ఎవరూ మాటివ్వరు, అది మామూలే. కానీ ఆ కబురుతో ప్రేమకుమారికి అన్నం సహించలేదు.

"ఈ సంత చూస్తే వాళ్లు గడప గూడ తొక్కరు. సామానంతా ఆ ఒక్క పొద్దుకు ఎదురింటి ఓబులమ్మక్క ఇంట్లో పెడదాం. ఇల్లు పెద్దగా కనపడతాది," అంది.

ప్రదీప్ వద్దన్నాడని చెప్పాలని నాకూ ఉంది. చెప్తే అబద్ధమవుతుంది. వాడే ముందు వంగి బీరువాకు చెయ్యి వేశాడు.

మొదలుపెట్టాక ప్రేమకుమారి చెయ్యి ఆగలేదు. బీరువా పోయింది. ట్రంకుపెట్టెలు, డబ్బాలు, చార్టులు పోయాయి. కొక్కేనికి వేలాడే ఫుట్‌బాళ్లు పోయాయి. వంటగది కూడా విశాలంగా కనపడాలని బియ్యం డ్రమ్ము, మిక్సీ, ఆఖరికి గ్యాసు పొయ్యి కూడా సందు దాటాయి. ఒక చాప, అవ్వ మంచం మిగిలాయి. జకరయ్య ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి చూసుకున్నాడు.

"మనిల్లు ఇంత పెద్దదనుకోలేదే," అన్నాడు మురిసిపోతూ.

"ఇల్లు మాదిరి లేదురా, ఎత్తిపోయిన గోడౌన్ మాదిరుండాది," అంది అవ్వ. ఎవరూ పట్టించుకోలేదు.

రాజరత్నం, మంజుల, ప్రవళిక వచ్చి చాప మీద కూర్చున్నారు. మాట్లాడితే గది ఖంగుమంటోంది. టీ ఎదురింటి కిటికీలోంచి వచ్చింది. ఓబులమ్మ లోపలి నుంచి గ్లాసులు అందిస్తుంటే, ప్రేమకుమారి పమిట సర్దుకుంటూ సందు దాటి పోయి తెచ్చింది. రాజరత్నం టైలరు. గుడ్డలో చిన్న చిరుగున్నా పట్టేసే కన్ను. టీ తాగలేదు. లేచి వంటగదిలోకి తొంగిచూసి వచ్చాడు.

"పొయ్యి యాడుందమ్మా?"

ప్రేమకుమారి జకరయ్యను చూసింది. జకరయ్య ఇంటికప్పు కేసి చూశాడు. అబద్ధం చెప్పడం ఆ మనిషికి రాదు, నిజం చెప్పడానికి ధైర్యం లేదు, అందుకని దగ్గాడు.

"బియ్యం డ్రమ్మన్నా లేదే అన్నా," మంజుల మెల్లగా అంది. మెల్లగా అన్నా ఆ ఖాళీ గదిలో అందరికీ వినపడింది.

రాజరత్నం మొహం గట్టిపడింది. "అర్థమయిందప్పా. ఇల్లంతా ఊడ్చి చూపిస్తాండారంటే, మంచం నుంచి పొయ్యి దాకా నింపాల్సింది మేమని. నోటితో అడక్కుండా బాగానే అడిగినారు. మేం అంత తూగలేం. పా మంజులా."

వాళ్లు ఈ గడప దాటితే మళ్లీ రారు. రాజరత్నం కోపం అట్లాంటిదని ప్రవళిక ఎప్పుడో చెప్పింది.

ప్రదీప్ ప్రవళికను చూశాడు. ఆమె కొక్కేనికేసి చూస్తోంది. నిన్నమొన్నటి దాకా ఈ ఇంట్లో ఏముండేదో వచ్చినవాళ్లలో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఒక్క మాటంటే చాలు, వాళ్ల నాయన ఆగిపోతాడు. ఆమె అనలేదు. కొక్కెం మీద నుంచి చూపు దించి ప్రదీప్‌ను చూసింది, నువ్వు చెప్తావా లేదా అన్నట్టు.

"మామా, ఆగు," అన్నాడు ప్రదీప్. "సామానుండాది. అంతా ఉండాది. ఎదురింట్లో పెట్టినాం."

"ఎందుకు?"

"మా ఇల్లు చిన్నది. నిండా సామాను. నీకు ఇరుకుగా కనపడితే పిల్లనియ్యవని భయమేసింది. మాయమ్మది తప్పేం లేదు. నాకే సిగ్గయింది. నీ దగ్గర మాకేమీ వద్దు, ప్రవళిక వస్తే చాలు."

రాజరత్నం సందు దాటి ఓబులమ్మ తలుపు తోశాడు. తలుపు సగం తెరుచుకుని దేనికో తగిలి ఆగిపోయింది. లోపల బీరువాకూ బియ్యం డ్రమ్ముకూ మధ్య, తల పైన ఫుట్‌బాళ్లతో, ఓబులమ్మ నిలబడి ఉంది.

"వచ్చినావా సామీ," అంది నీరసంగా. "బేగా తీస్కపోండి. టీ కాంచినప్పటి నుంచి ఇట్లనే ఇరుక్కోనుండా. కూర్చోను గూడ చోటు లేదు."

రాజరత్నం పెదాలు బిగబట్టాడు. లాభం లేకపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గోడ పట్టుకుని నవ్వాడు. వెనక నుంచి తొంగిచూసిన మంజుల పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"పట్టండప్పా ఒక చెయ్యి," అని రాజరత్నం చొక్కా చేతులు మడుచుకుని బీరువా పట్టుకున్నాడు.

సందంతా కదిలొచ్చింది. ఒక్కొక్క సామానూ తిరిగొస్తుంటే ప్రవళిక గడపలో నిలబడి "అది ఆడ పెట్టండి, ఇది ఈ మూలకు, డబ్బాలు మంచం కిందికి" అంటోంది. ప్రదీప్‌కు మాత్రం ఒక్క మాటా చెప్పడం లేదు. వాడు డ్రమ్ము మోసుకొచ్చి నిలబడితే చూపుడువేలితో చోటు చూపించి మొహం తిప్పుకుంది.

అంతా సర్దుకున్నాక రాజరత్నం ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. మోకాళ్లు బియ్యం డ్రమ్ముకు తగులుతున్నాయి. చల్లారిన టీ అడిగి మరీ తాగాడు.

"ఇప్పుడు మనుషులుండే ఇల్లు మాదిరి ఉండాది. మా ఇంట్లో కూర్చున్నట్టే ఉండాది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అదంతా సరే. పెళ్లయినాక వీళ్లిద్దరూ యాడ పండుకుంటారు?"

నెలల తరబడి ప్రదీప్‌కు నిద్ర లేకుండా చేసిన ప్రశ్న అదే.

"వెనక పెరట్లో గోడవారన రేకులేస్తే పొయ్యి ఆడికి పోతాది నాయనా," ప్రవళిక తాపీగా అంది. "అప్పుడు వంటగది మాకు చాలు. గట్టు కింద బట్టలు, గట్టు పైన పుస్తకాలు. పోయినసారి వచ్చినప్పుడే చూసుకున్యా."

ఆ మాట నోరు జారాక గానీ ఆమెకు తెలియలేదు తానేం ఒప్పుకుందో. పోయినసారంటే గృహకూడిక రోజు, ఇద్దరూ పోట్లాడుకున్న రోజు. మొహం ఎర్రబడి, అవ్వ మంచం వెనక్కి జరిగి నిలబడింది. మంజుల అన్నను చూసింది. రాజరత్నం కూతుర్ని చూశాడు.

"ఇంగ మేం ఆలోచించేదానికి ఏముందిలే," అన్నాడు. "ప్రార్థన చెయ్యి జకరయ్య బావా."

బావా అన్నాడంటే ఇచ్చేసినట్టే. ప్రేమకుమారి కళ్లు తుడుచుకుంది. జకరయ్య చేతులు పైకెత్తాడు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆదాము నుంచి ఎత్తుకుంటాడని సందులో అందరికీ తెలుసు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు.

ఇద్దరు మూసుకోలేదు.

ప్రదీప్ డ్రమ్మును దాటి, పెట్టెల మధ్య నుంచి పక్కకు తిరిగి, చప్పుడు కాకుండా మంచం వెనక్కి చేరాడు.

"కోపమా?" అని ఊపిరితో అడిగాడు.

"మరి? ఇల్లు ఇరుకని నేను ఏనాడన్నా అన్యానా? మా నాయన దగ్గరంటే సరే, నా దగ్గర గూడ దాసినావు. నాకు ఏడుపొచ్చింది."

"తప్పయిపాయ. ఇంగెప్పుడూ ఏందీ దాయను."

"నిజంగా?"

"దాసేదానికి ఈ ఇంట్లో చోటు యాడుంది?"

ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు చెయ్యి చాపాడు. ఆమె అటూ ఇటూ చూసింది. ఆరడుగుల దూరంలో నాయన, అత్త, కాబోయే అత్తామామలు, ఓబులమ్మ, గడప నిండా సందులో జనం. ఒక్కరి కళ్లూ తెరిచి లేవు. ఆ ఇంట్లో వాళ్లకు దొరికిన మొదటి ఏకాంతం అది. ఆమె వాడి చేతిలో చెయ్యి పెట్టింది. ప్రదీప్‌కు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నాయన ప్రార్థన తొందరగా అయిపోతే బాగుండనిపించేది. ఈరోజు అట్లా అనిపించలేదు.

జకరయ్య పెళ్లి దాకా వచ్చాడు, పుట్టబోయే పిల్లల దాకా వచ్చాడు, గొంతు దించి ముగింపుకు వచ్చాడు. అప్పుడు మంచం మీద దానమ్మవ్వ ఒక కన్ను మెల్లగా తెరిచి వెనక్కి చూసింది. చూసి, మళ్లీ గట్టిగా మూసుకుంది.

"అప్పుడే ఆమెన్ అనొద్దురా జకరయ్యా," అంది. "నా మోకాళ్ల నొప్పుల కోసం ఇంగా చెయ్యలేదు. నిదానంగా చెయ్యి."