కత్తిరించిన చోట

ఆదివారం మధ్యాహ్నం ఆండర్సన్‌పేటలో వాన పట్టుకుందంటే ఆటో తోలేవాడికి ఇంగ పనేముంటుంది? మూర్తి ఆటోను గోడవారగా నిలిపి, పరదా దించి, ఇంట్లోకొచ్చి కూతురి పక్కన చేరబడ్డాడు. రేకుల మీద వాన మోత. పొయ్యి మీద టీ. భార్య లక్కూరులో చెల్లెలి కూతురి సీమంతానికి పోయింది కాబట్టి టీలో చక్కెర ఎంత వేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. అమ్మ గంగులమ్మ పక్కింటి హనుమక్కతో ముచ్చట్లకు పోయి వాన తెరిపి ఇవ్వక ఆడనే కూర్చుంది. ఇల్లు నిమ్మళంగా ఉంది.

సవిత బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పని చేస్తుంది. ఈసారి తను సొంతంగా తలపెట్టిన ఆటను తండ్రికి చూపించాలని లాప్‌టాప్ మోసుకొని రైల్లో వచ్చింది.

"దీంట్లో కొట్టుకునేది, కాల్చుకునేది లేదా?" అన్నాడు మూర్తి.

"లేదప్పా. ఊరంతా తిరగొచ్చు, యాడికి పోవాలంటే ఆడికి. చేతిలో కెమెరా ఉంటాది. కనపడినోళ్ళని ఫోటో తీసి ఆటలో ఉండే అవ్వ ఆల్బంలో అంటించాల. ఒక్కో ఫోటో అంటిస్తే ఆ ఇంటి పాత సంగతి ఒకటి తెలుస్తాది. అంతే."

"మన బురద సందుల్లో తిరిగేదానికి బెంగళూరోళ్ళు దుడ్డిచ్చి కొంటారా?"

"కొంటారు. వాళ్ళకి బురద లేదు గదా."

మూర్తి నవ్వినాడు. నవ్వి, తెర మీదికి వంగి చూసినాడు. చూస్తే తమ లైన్లే. గని కూలీల కోసం కట్టిన వరస ఇండ్లు, కొళాయి కాడ బిందెల బారు, వెనకాల బంగారం తీసినాక పారబోసిన మన్ను, తెల్లటి సయనైడ్ దిబ్బ, పైన కూలీల్ని గనిలోకి దించే షాఫ్ట్ చక్రం. నిజం ఊళ్ళో ఆ చక్రం తుప్పు పట్టి నిలబడి ఇరవై ఏండ్లు దాటింది. ఆటలో తిరుగుతా ఉంది. గనులు మూసినోళ్ళు ఊరిని ఉత్త గుంతలకు వదిలేసి పోయినారు, ఇప్పుడు ఊరు బతకాలంటే బొమ్మల్లోనే బతకాల. మూర్తికి ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు. బిడ్డ మొగం వెలిగిపోతా ఉంది.

"ఇంగొకటుండాది. గోడ మీద చూడు," అంది సవిత.

గోడ మీద ఉండేది ఆ ఇంట్లో ఒకే ఒక పాత ఫోటో. గంగులమ్మ కుర్చీలో కూర్చొని ఉంటుంది. ఐదేండ్ల మూర్తి ఆమె మోకాలు పట్టుకొని నిలబడి ఉంటాడు. పక్కన రెండో కుర్చీ. ఆ కుర్చీలో మనిషి లేడు, మనిషి ఆకారంలో కంత ఉంది. ఆ కంతలోంచి అట్ట కనిపిస్తుంది. అది మూర్తి నాయిన హనుమప్ప ఉండాల్సిన చోటు. మూర్తి చిన్నప్పుడే గని లోపల బండ పేలి పోయినాడాయన. కంత ఎందుకుందని అడిగితే గంగులమ్మ ఎప్పుడూ ఒకటే మాట. చెదలు తినేసినాయి. చెదలు అంత నున్నగా, భుజం భుజంలాగా, చెవి చెవిలాగా తింటాయా అని మూర్తికి అనుమానమే గానీ మళ్ళీ అడగలేదు. ఆయన ఫోటో ఇంగొకటి లేదు. నాయిన మొగం ఎట్లుంటుందో మూర్తికి గుర్తు లేదు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో వెతుక్కుంటా ఉంటాడు, ఈ ముక్కు ఆయనదేనా, ఈ దవడ ఆయనదేనా అని. యాభై దాటినా ఆ వెతుకులాట పోలేదు.

ఇప్పుడు ఆ చట్రంలో కొత్త ఫోటో ఉంది. కంత లేదు. రెండో కుర్చీలో మనిషి కూర్చొని ఉన్నాడు.

"కంప్యూటర్లో పూడ్చినా," అంది సవిత. "మొగం నీదే అప్పా. నీ పెండ్లి ఫోటోలోంచి తీసుకున్నా. నువ్వు మీ నాయిన పోలికే అంటారు గదా అందరూ. ఆటలో కూడా తాతని పెట్టినా. పోయి ఫోటో తీయి."

మూర్తి లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. మీటలు నొక్కుతా ఆటలోని సందులోకి నడిచినాడు. సందు చివర చొక్కా వేసుకొని, పంచె కట్టుకున్న మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

దగ్గరికి పోయినాడు. కెమెరా ఎత్తినాడు. ఆ మనిషి ఇటు తిరగలేదు. పక్కకి పోయి చూస్తే ఆయన కూడా అంతే పక్కకి తిరిగినాడు. ఎటు పోయినా వీపే.

"ఏం పాపా, మీ తాతకి సిగ్గా?"

సవిత నవ్వలేదు. "నేనట్ల చేయలేదప్పా. టీ అంగడి, కొళాయి, ఇల్లు, ఇట్ల తిరుగుతా ఉండాల ఆయన. ఇక్కడ నిలబడమని నేను చెప్పలేదు."

అప్పుడు చూసినాడు మూర్తి. ఆ మనిషి నిలబడింది తమ ఇంటి వాకిలి ముందర.

వాన కొంచెం తగ్గింది. తగ్గినాక ఒక వాసన తెలిసింది. తడి మట్టి వాసన కాదు. పగిలిన బండ వాసన, పేలుడు మందు కాలిన వాసన... చిన్నప్పుడు షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళ ఒంటి మీద ఉండేది. ఇప్పుడు ఈ ఊళ్ళో ఎవురి దగ్గరా లేదు. భూమి లోపల ఎక్కడో దబ్బుమని ఒక దెబ్బ. అలమర్లో గిన్నెలు గలగలమన్నాయి. గనులు మూసినా అడుగున బండలు అప్పుడప్పుడూ కదులుతాయి, అది ఊరికి అలవాటే. అయినా మూర్తి చేయి మీటల మీదినుంచి లేచింది.

చీకటి పడే వేళకి గంగులమ్మ కొంగు పిండుకుంటా వచ్చింది. గోడకేసి చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఎవురు పూడ్చినారు దాన్ని?"

గట్టిగా అనలేదు. గుసగుసగా అంది.

"నేనే అవ్వా," అంది సవిత. "చెదలు తిన్నాయన్నావు గదా..."

"చెదలు లేవు ఏం లేవు." గంగులమ్మ నేల మీద కూలబడి కొడుకు వైపు తిరిగింది. "ఆయన్ని పైకి తెచ్చినారనుకుంటివా? తేలేదు. బండ ఇంగా పడతాదని ఆ దారికి గోడ కట్టేసి వచ్చినారు. ఇంటికి పీనుగ రాలేదు. గుంత తవ్వి దాంట్లో ఏం పెట్టాల? మన లైన్లలో అట్లయిన ఇండ్లల్లో ఒకటే దారి. ఫోటోలో మనిషిని కత్తిరించి, ఆయన తుండుగుడ్డలో చుట్టి, పూడ్చి, పాలు పోస్తారు. అప్పుడు గానీ మనిషి పోయినట్టు కాదు. నా చేత్తో కత్తిరించి పూడ్చినా. నీకేం చెప్పాల, ఐదేండ్లోడివి. కాగితాన్ని పూడ్చినామని చెప్తే నాయిన కాగితమేనా అని అడుగుతావని భయపడితి."

మూర్తి గోడ మీది ఫోటోలో రెండో కుర్చీ వైపు చూసినాడు.

"పోయినోడికి చోటు చూపించకూడదు. మీరు చోటు ఇచ్చినారు. మొగం ఎవురిది ఇచ్చినారు?"

"నాదే," అన్నాడు మూర్తి.

గంగులమ్మ లేచి వచ్చి కొడుకు చెంప తడిమింది. "తీసేయ్ పాపా. ఆ డబ్బాలోంచి తీసేయ్. దీన్ని నేను కత్తిరిస్తా."

సవిత మీటల మీదికి చేయి చాచింది. అదే వేళకి తెర మీద ఆ మనిషి కదిలినాడు. భుజం కొంచెం ఇటు తిరిగింది.

మూర్తి కూతురి చేయి పట్టుకున్నాడు.

"ఉండు."

"అప్పా, వద్దు."

"ఒక్కసారి చూడనీ. ఆయన మొగం ఒక్కసారి... యాభై ఏండ్లు చెదలు చెదలు అని నన్ను కంత ముందర కూర్చోబెడితివి గదమ్మా. ఒక్కసారి చూసినాక తీసేయండి."

"అది నీ మొగమే రా," అంది గంగులమ్మ.

"నాదైనా కానీ."

చెవి కనపడింది. చెంప కనపడింది... కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్ దాంతోపాటే ఆరిపోయింది.

చీకటి. రేకుల మీదినుంచి కారే నీళ్ళ చుక్కలు. ఆ వాసన ఇప్పుడు ముక్కుకి దగ్గరగా... ఎవురో ఎదురుగా నిలబడి ఊపిరి వదిలినట్టు. చల్లగా. మూర్తి అరుద్దామనుకున్నాడు. నోట్లో ఇసక పడినట్టయింది. గోడ దగ్గర కత్తెర చప్పుడు. కరక్... కరక్... నిదానంగా.

కరెంటు వచ్చింది. గంగులమ్మ కిందికి దించిన చట్రం ముందర కూర్చొని ఉంది. ఒక చేతిలో కత్తెర, ఒక చేతిలో కాగితం మనిషి. పగలే కండ్లు ఆనని ముసలామె, చీకట్లో గీత తప్పకుండా కత్తిరించింది.

సవిత లాప్‌టాప్ తెరిచి ఆటలో సందంతా వెతికింది. "తాత లేడప్పా," అంది మెల్లగా. "నేను తీసేయలేదు. లేడు."

తెల్లారినాక ముగ్గురూ మన్నుదిబ్బల అవతలున్న శ్మశానానికి పోయినారు. మూర్తి మొగమున్న ఆ కాగితాన్ని గంగులమ్మ అతని తుండుగుడ్డలోనే చుట్టింది. గుంత చిన్నదే. కొడుకు కాబట్టి మూర్తే మొదటి పిడికెడు మట్టి వేసినాడు. నాయినని చూడనే లేదు. చూడకుండానే మళ్ళీ పూడ్చేసినాడు. అమ్మ మీద, కూతురి మీద, ఆ గోడ కట్టి వచ్చినోళ్ళ మీద, అందరి మీదా కోపం వచ్చింది. ఇద్దరినీ ముందుకు పోనిచ్చి వెనకాల నడిచినాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని కూర్చున్నాడు. గంగులమ్మ సవితకి పళ్ళెం పెట్టింది. తనకి పెట్టుకుంది. మూర్తి ముందర పెట్టలేదు. కొంచెంసేపు అతని వైపే చూసింది.

"ఎవురప్పా నువ్వు? ఎవురింటికి వచ్చినావు?"

"అవ్వా, అప్ప గదా అవ్వా," అంది సవిత.

గంగులమ్మ కండ్లనిండా నీళ్ళు. "మీ అప్పని ఇప్పుడే గదమ్మా పూడ్చిపెట్టి వస్తిమి."

సవిత తండ్రి మొగంలోకి చూసింది. కూర్చున్న చోటినుంచి కొంచెం వెనక్కి జరిగింది.

అమ్మా, నేనే, మూర్తిని... అందామని నోరు తెరిచినాడు. నోట్లోంచి వచ్చింది ఆ మాట కాదు. గొంతు కూడా తనది కాదు.

"గంగీ, ఆకలవుతా ఉండాది. పెట్టు."

ఆ పేరుతో ఆమెని ఎవురూ పిలవగా మూర్తి తన పుట్టుకలో వినలేదు. గంగులమ్మ చేతిలో గరిటె అట్లనే ఆగింది. తర్వాత లేచి, కొంగు తల మీదికి లాక్కొని, కొత్త పెండ్లికూతురులాగా తలుపు చాటుకి పోయి తల దించుకొని నిలబడింది.