ఉన్నవాళ్ళతో సహా

ఇల్లు అమ్మకానికి పెట్టిన దగ్గర్నుంచీ, అందులో అద్దెకుంటున్న టైలరమ్మకి కాలు నిలవడం లేదు. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మిషను ముందు కూచుని నాలుగు కుట్లు వేసేసరికి బెల్లు మోగేది. గుమ్మంలో బ్రోకరు, అతని వెనక ఎవరో ఒకరు. ఒక్క పది నిమిషాలమ్మా, అలా చూసి వెళ్ళిపోతారు అనేవాడు. ఆ పది నిమిషాల్లోనే వాళ్ళు వంటింటి గూళ్ళు తెరిచేవాళ్ళు, గోడలు తట్టేవాళ్ళు, పంపులు తిప్పేవాళ్ళు, మంచం కింద కూడా తొంగిచూసేవాళ్ళు. మంచం అమ్మకానికి లేదని ఆమె ఒకావిడతో అననే అంది. పెదవి విరుచుకుంటూ వాళ్ళు పోయేదాకా, తన ఇంట్లో తనే ఓ మూల సామానులా నిలబడేది.

ఇంటాయన మంచివాడే. అందువల్ల తిట్టడానికీ వీల్లేకుండా పోయింది. ఎవరు కొన్నా మీరు ఖాళీ చెయ్యక తప్పదని మెత్తగానే చెప్పాడు. చెప్పడానికేం, చెబుతాడు. గుమ్మం గుమ్మానికీ తిరిగి, ఈ వీధిలో ఒక్కొక్కరి కొలతా, ఒక్కొక్కరి వంకా తెలుసుకుని సంపాదించుకున్న పని ఆమెది. ఇంకో చోటికి పోతే మళ్ళీ మొదటికొస్తుంది. మొగుడు దూరపు బస్సు నడుపుతాడు. ఇవాళ వెళితే మర్నాటికి గానీ రాడు. కాబట్టి ఆమె గోడు వినేది ఐదేళ్ళ కూతురే. ఎవరొచ్చినా సరే, మనం ఇక్కణ్ణించి కదిలేది లేదే అని రోజూ దాంతోనే అనేది, జడ వేస్తూ, అన్నం పెడుతూ.

వచ్చిపోయేవాళ్ళలో ఒక ముసలావిడను ఆమె మొదట పట్టించుకోలేదు. ఎవరో మొగుడూ పెళ్ళాలు వచ్చినప్పుడు వాళ్ళ వెనకే లోపలికి వచ్చింది. ఇంట్లో పెద్దామెను కూడా వెంటబెట్టుకొచ్చారు కాబోలు అనుకుంది. ఆవిడ గోడలు తట్టలేదు, గూళ్ళు తెరవలేదు. ఓ పక్కగా నిలబడి పిల్ల బొమ్మలనీ, దండెం మీద మొగుడి చొక్కాలనీ చూసింది, అంతే. టైలరమ్మ కళ్ళు ముందు బట్టల మీదికే పోతాయి గనక ఒకటి మాత్రం కనిపెట్టింది. ఆవిడ జాకెట్టు తిరగేసి తొడుక్కుంది, కుట్లన్నీ బయటికే ఉన్నాయి. పెద్దవయసు, పాపం అని సరిపెట్టుకుంది.

తర్వాత ఎవరో అన్నదమ్ములు వచ్చినప్పుడూ ఆవిడ వచ్చింది. అయితే బ్రోకరు తాలూకు మనిషన్నమాట అనుకుంది. ఉతికిన గుడ్డని పిండకుండా మూలన పడేసి మర్చిపోతే వచ్చే వాసన ఒకటి ఆవిడతో పాటు వచ్చేది. అందరూ వెళ్ళిపోయాక కూడా అది వెనక గదిలో ఉండిపోయేది, కిటికీలు తీసిపెట్టినా పోయేది కాదు. ఆవిడ వెళ్ళడం మాత్రం టైలరమ్మ ఎప్పుడూ చూడలేదు. అంత సందడిలో ఎవరు చూస్తారు?

మొగుడు పొద్దున్నే బస్సుతో వెళ్ళిన ఓ రోజు, సాయంత్రం బ్రోకరు ఒక స్కూలు మాస్టార్ని తీసుకొచ్చాడు. కరెంటు పోయి ఉంది, ఇల్లంతా మసకబారుతోంది. మాస్టారు గదులన్నీ చూసి, వెలుతురు లేదని గొణుక్కుంటూ ముందే వెళ్ళిపోయాడు. ఇవాళ ముసలావిడ వాళ్ళతో రాలేదు. ఇదే అదనుగా ఆమె బ్రోకర్ని మెట్ల దగ్గర ఆపింది. ఇన్నాళ్ళ ఒళ్ళుమంటా అక్కడే కక్కేసింది. మీ మనిషి పలకదు, ఉలకదు, నా మొగుడి బట్టలకేసి అలా చూస్తుందేమిటని దులిపేసింది.

బ్రోకరు తెల్లబోయాడు.

"మా మనిషేంటమ్మా? ఆవిడ మీ అత్తగారు కాదూ?"

"మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయింది."

"మాతో ఎప్పుడూ బయటికి రాదు... ఇంట్లో మనిషి గనక ఉండిపోయిందనుకున్నాను." అతను గొంతు తగ్గించాడు. "ఇప్పుడు కూడా వెనక గదిలో పాప పక్కన కూచుని ఉంది కదమ్మా..."

ఆమె లోపలికి పరుగెత్తింది.

ముందు గది దాటింది. వంటిల్లు దాటింది. ఆ వాసన ముక్కులోకి కాదు, గొంతులోకే దిగుతోంది. వెనక గదిలోంచి గుసగుసలు... కూతురి గొంతే. రెండో గొంతు లేదు. కానీ పిల్ల ఆగుతోంది. ఆగి, విని, ఊ అంటోంది. మళ్ళీ ఆగుతోంది...

మంచం మీద కూతురు ఒక్కతే ఉంది. దాని పక్కన పరుపు ఎవరో కూచున్నట్టు దిగబడి ఉంది. ఆమె చూస్తుండగానే మెల్లగా పైకి లేచి, చదునుగా సర్దుకుంది.

"ఎవరితోనే?" అంది.

"మామ్మతో. మీరూ ఇంటితో పాటేనా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను. కదిలేది లేదని నువ్వే అంటావుగా."

పిల్లని చంకనేసుకుని వీధిలోకి వచ్చి పడింది. బ్రోకరు ఎప్పుడో మాయమయ్యాడు. అవతలి పక్కకి దాటి, ఆయాసపడుతూ నిలబడేసరికి నడుముకి దోపుకున్న ఫోను మోగింది. ఇంటాయన. మంచి హుషారుగా ఉన్నాడు. ఇల్లు అయిపోయిందమ్మా, ఇక మిమ్మల్ని ఎవరూ ఇబ్బంది పెట్టరు అన్నాడు. ఎవరో పెద్దావిడట, ఇప్పుడే ఫోను చేసి, బేరమైనా ఆడకుండా ఖాయం చేసుకుందట. మీరు ఖాళీ కూడా చెయ్యక్కర్లేదు, ఉన్నవాళ్ళతో సహా తీసుకుంటానంది అన్నాడు. ఆ మాట కోసమే ఆమె ఇన్నాళ్ళూ పడిగాపులు పడింది. ఇప్పుడు వింటూ పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది.

"ముగ్గురుంటారని చెప్పానమ్మా. కాదు, ఇక ఇద్దరేనంది. పెద్దావిడ కదా, ఏదో పొరబడి ఉంటుంది."

ఆమె మొగుడి నంబరు నొక్కింది. రింగవుతోంది... ఎత్తడం లేదు. మళ్ళీ నొక్కింది. బస్సు నడిపేటప్పుడు ఎత్తడు, ఎన్నడూ ఎత్తడు, ఇదేం కొత్త కాదు అని తనకి తనే చెప్పుకుంది. చెప్పుకుంటూనే మళ్ళీ నొక్కింది.

కూతురు మెడ చుట్టూ చేతులు వేసి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, నాన్నని లోపలే వదిలేసి వచ్చామేంటి?"