మూడో ప్రతి మీద పేరు

"చదివి సంతకం పెట్టు, కియూమర్స్."

కల్నల్ బహ్రాంపూర్ ఓ రహస్య ప్లాన్‌ను బల్ల మీద ముందుకు తోశాడు. పైన 'మూడో ప్రతి' అని ముద్ర, కింద కెప్టెన్ కియూమర్స్ జంద్‌ఫర్ అని పేరు. అహ్వాజ్ సైనిక ఇంటెలిజెన్స్ ఆఫీసులో తుమ్మినా రిజిస్టర్‌లో ఎక్కాలి. కియూమర్స్ చదివాడు, సంతకం పెట్టాడు, ప్రతిని తిరిగి ఇచ్చేశాడు. కల్నల్ దాన్ని సేఫ్‌లో పెట్టి తాళం జేబులో వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం నాలుగింటికి షా రాజును తరిమేశాక పుట్టిన విప్లవ దళం మనుషులు మూడు వందల ఇరవై మంది పాత పంపుహౌస్ రేవు దగ్గర కారూన్ నది దాటి అవతలి బాగ్దాద్ సేనల మీద పడాలి. వెనక నుంచి సైన్యం ఫిరంగులు అండగా ఉంటాయి. అదీ ప్లాన్.

"దళంలో ఎవడో బాగ్దాద్‌కి కబుర్లు అమ్ముతున్నాడు. లోపలికి దూరి పట్టుకో. పది రోజులుగా గడ్డం పెంచమన్నది అందుకే."

"పడవలు నడిపించేది మా తమ్ముడు సార్."

"అందుకేగా నిన్ను పంపుతున్నా! నీ తమ్ముణ్ణి నువ్వే కాపాడుకో."

ఇరవై ఏళ్ళ వయసు నుంచీ కియూమర్స్‌ను చేరదీసి పని నేర్పింది ఈ కల్నలే. ఆయన మాటంటే అతనికి వేదం.

మంగళవారం కియూమర్స్ 'సోదరుడు యహ్యా' అన్న మారుపేరుతో దళం మకాంలో అడుగుపెట్టాడు. ఇస్త్రీ మడత పోవాలని రెండు రోజులు అదే ప్యాంటుతో పడుకున్నాడు. మడమ నలిగిన చెప్పులు, మెడదాకా గుండీలు. వేషం అతికినట్టు కుదిరింది. భోజనాల దగ్గర మాత్రం కొంప మునగబోయింది. కమాండర్ లోపలికి రాగానే కియూమర్స్ కాళ్ళు వాటంతటవే నిటారుగా లేచి నిలబడ్డాయి.

గది గొల్లుమంది.

"ఏం సోదరా, షా గారు గానీ తిరిగొచ్చారా?" అన్నాడొకడు.

దళంలో ర్యాంకుల్లేవు, సెల్యూట్లు లేవు. ఆ కమాండర్ అందరికీ తనే అన్నం వడ్డించి, మిగిలింది చివర్లో తిన్నాడు. అతనే తమ్ముడు. పుట్టినప్పుడు ఖోస్రో, దళంలో చేరాక మేసమ్. అన్నను చూసి కూడా ఎవరో తెలియనట్టే వడ్డించాడు. తర్వాత గోడ పక్కన దొరకబుచ్చుకున్నాడు.

"ఎవరి కోసం వచ్చావన్నయ్యా?"

"మీలో దొంగ కోసం."

"మాలో దొంగుంటే దేవుడు చూసుకుంటాడు. మీలో ఉంటే ఎవరు చూస్తారు?"

"ఖోస్రో, వెటకారం ఆపు."

"మేసమ్ అను."

రెండు రోజులు వెతికినా కియూమర్స్‌కు ఏమీ చిక్కలేదు. అక్కడ కాగితమన్నదే లేదు. మేసమ్ దుమ్ములో వేలితో నది గీసి, రేవు చూపించి, కాలితో చెరిపేసేవాడు. టైపు మిషన్ మీద బూజు పట్టి ఉంది.

గురువారం రెండున్నరకు ఫొటో స్టూడియో నడిపే ఫరంగీస్ నుంచి పిలుపొచ్చింది. ముందు వరుసకు వెళ్ళే కుర్రాళ్ళంతా ఆమె స్టూడియోలో ఓ ఫొటో దిగి వెళతారు. తిరిగి రాకపోతే వీధి మొదట్లో పెట్టేది ఆ ఫొటోనే. నల్ల చాదర్ ముసుగులో కూడా కళ్ళు తిప్పుకోనివ్వని అందం ఆమెది. గూఢచారిగా జీతం బాగ్దాద్ ఇచ్చేది, పని మాత్రం కియూమర్స్‌కు చేసేది.

"ఫొటోలో నవ్వాలా?" అన్నాడు కియూమర్స్ స్టూడియోలోకి వస్తూనే.

"నవ్వితే మీ అమ్మ గుర్తుపట్టదు."

కోడ్ సరిపోయింది. ఆమె టీ పెట్టింది. అతను అలవాటుగా చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకోబోతే చెయ్యి పట్టుకుంది.

"కొరక్కండి కెప్టెన్! ఫిల్ము అందులో ఉంది. నిన్న నా చేతుల మీదుగా నది అవతలికి వెళ్ళిన దానికి నకలు."

డార్క్‌రూమ్‌లో పెద్దది చేసిన ఫొటో మీద అక్షరాలు నెమ్మదిగా తేలాయి. గురువారం, నాలుగు గంటలు, పంపుహౌస్ రేవు. పైన 'మూడో ప్రతి'. కింద అతని పేరు, అతని సంతకం.

సేఫ్ తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. కియూమర్స్‌కు గుండెల్లో కత్తి దిగినట్టయింది. సొంత తండ్రి తన్ని తరిమినా అంత బాధ పడేవాడు కాదు.

"దళం గెలిస్తే ఇక సైన్యం ఎందుకంటారు. ఓడితే మళ్ళీ కల్నళ్ళే దిక్కు," అంది ఫరంగీస్. "తప్పు మీ నెత్తిన రుద్దుతున్నాడు. ఇది చూపిస్తే ఉరి మీకే. కాల్చేసి వెళ్ళిపోండి."

"మూడు వందల ఇరవై మంది," అన్నాడు కియూమర్స్. ఫొటో చొక్కాలో దోపుకుని మోటార్‌సైకిలెక్కాడు.

నాలుగింటికి ఇంకా మూడు నిమిషాలు. పడవలు నీళ్ళలోకి దిగాయి. మేసమ్ మొదటి పడవలో ఒక కాలు పెట్టాడు.

"ఆగండి! అవతల మీకోసం కాచుకుని ఉన్నారు!"

కియూమర్స్ అందించిన ఫొటోను మేసమ్ చూశాడు. ముఖం పాలిపోయింది.

"దీని మీద నీ పేరుంది."

"ఉంది. దొంగనైతే నా పేరున్న కాగితం నేనే తెస్తానా? ఖాళీ పడవ ఒకటి పంపి చూడరా."

"ఎవడీడు?" ఎవరో అరిచారు. "ఆర్మీ వాడు! ఆ రోజు లేచి నిలబడ్డప్పుడే అనుకున్నా!"

తుపాకులు అతని మీదకు తిరిగాయి. మేసమ్ చెయ్యెత్తి ఆపాడు. నాలుగు గడ్డి మోపులకు హెల్మెట్లు తగిలించి ఓ పడవను వదిలారు. నది నడిమికి చేరిందో లేదో, అవతలి గట్టు మీది తుపాకులన్నీ ఒక్కసారిగా పేలాయి. పడవ ముక్కచెక్కలైంది.

తర్వాత మేసమ్ మెడలోని గళ్ళ కండువా విప్పి అన్న చేతులు కట్టాడు.

"ఖోస్రో..."

"మమ్మల్ని బతికించావు, కాదనను. దొంగవేషంలో మా మధ్య తిరిగావు, కాగితం మీద సంతకమూ నీదే. నేను కట్టకపోతే వీళ్ళు కాల్చేస్తారన్నయ్యా." మేసమ్ కళ్ళు తుడుచుకున్నాడు కానీ ముడి మాత్రం గట్టిగానే వేశాడు.

మర్నాడు దళం వేరే రేవు నుంచి దాటి గెలిచింది. విచారణలో కల్నల్ బహ్రాంపూర్ రుమాలు కళ్ళకద్దుకుంటూ, "నా చేతుల్లో పెరిగిన పిల్లాడు. ఇలా చేస్తాడనుకోలేదు," అన్నాడు. దళం ప్రతినిధి ఆయన భుజం తట్టి ఓదార్చాడు. ఫిరంగుల దగ్గర్నుంచి రొట్టెల దాకా ప్రతిదానికీ తగువులాడుకున్న సైన్యమూ దళమూ, యుద్ధం మొదలైన రెండేళ్ళకు ఒక్క విషయంలో ఏకమయ్యాయి: కెప్టెన్ కియూమర్స్‌ను జైల్లో వేయడంలో.