గబ్బిలం కళ్ళు

"నాది అయిపోయింది టీచర్," అంటూ సైన్స్ పీరియడ్ మధ్యలో లేచింది బుజ్జులు. క్లాసులో మిగతావాళ్ళు ఇంకా ప్రాజెక్టుకి పేరు ఆలోచిస్తున్నారు.

టీచర్ కాగితం అందుకుని చదివారు. 'గబ్బిలాలకు కళ్ళు కనిపించవు. ఇళ్ళలో దూరి మనుషుల జుట్టులో చిక్కుకుంటాయి.'

"ఇది ఎక్కడ దొరికిందమ్మా?"

"నెట్‌లో టీచర్. కొట్టగానే మొట్టమొదట ఇదే వచ్చింది."

"మొదట రావడం సరే. రాసిందెవరు?"

దాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాసుంటారన్న సంగతే బుజ్జులుకు అప్పటిదాకా తట్టలేదు.

టీచర్ కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి కిందిదాకా జరిపారు. అడుగున ఒక మెషిన్ బొమ్మ ఉంది. 'గబ్బిలాలను తరిమికొట్టాలా? ఇప్పుడే కొనండి.'

"అంటే, అమ్ముకోడానికి భయపెట్టారా?" బుజ్జులు చెవులు ఎర్రబడ్డాయి.

"శుక్రవారం దాకా టైముందిగా," అన్నారు టీచర్.

బడి వదలగానే బ్యాగుతోనే లైబ్రరీకి పరిగెత్తింది. లైబ్రరీ ఆంటీ జంతువుల పుస్తకాల అర చూపించారు. ఒక లావుపాటి పుస్తకం వెనక అట్ట మీద, తలకు లైటు కట్టుకుని గుహలో నిలబడ్డ ఒకావిడ ఫోటో ఉంది. ఆవిడ గబ్బిలాల మీదే పరిశోధన చేస్తుందట.

బుజ్జులు గబగబా పేజీలు తిప్పింది. 'గబ్బిలాలకు కళ్ళు కనిపిస్తాయి. పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు చాలావరకు చూపుతోనే దారి వెతుక్కుంటాయి.'

కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. అంతలోనే ఆగింది. "ఆంటీ, ఇంకెవరైనా కూడా ఇదే రాశారేమో చూడాలి."

ఆంటీ జంతువుల ఎన్‌సైక్లోపీడియా తీసిచ్చారు. అందులోనూ అదే మాట. పైగా, చీకట్లో అరిచి, ఆ అరుపు తగిలి వెనక్కొచ్చే తీరును బట్టి పురుగుల్ని పట్టేసే చిన్న గబ్బిలాల సంగతి కూడా ఉంది. పెన్సిల్ ఆగడం లేదు.

అప్పుడే వాళ్ళ క్లాసు పిడుగు వచ్చి పక్కన కూలబడింది. "ఒసేయ్, ఒక్క గబ్బిలం రాత్రికి లక్ష దోమల్ని మింగుతుందట. రాసెయ్, క్లాసంతా నోరెళ్ళబెడుతుంది."

బుజ్జులు రాసేసింది. భలేగా ఉంది ఆ వాక్యం.

"నీకెవరు చెప్పారే?"

"ఏమో, ఎవరో అంటుంటే విన్నా."

బుజ్జులు రెండు పుస్తకాలూ తిరగేసింది. ఎక్కడా లేదు. కాసేపు పెన్సిల్ కొరికింది. తర్వాత ఆ వాక్యాన్ని రబ్బరుతో చెరిపేసి, ఆ చోట ఇలా రాసింది: 'ఒక గబ్బిలం ఎన్ని దోమల్ని తింటుందో ఇంకా వెతుకుతున్నాను.'

"ఇప్పుడెలా మరి?" అంది పిడుగు.

బుజ్జులు అప్పటికే దాని చెయ్యి పట్టుకుని లాగుతోంది. "నువ్వు కింద అర చూడు. పై అర నాది."