బండి తలుపు మీద బురద

"బాబూ, మా ఆయన్ని ఉరి తీసేస్తారండి!"

గుమ్మంలో అడుగు పెడుతూనే ఆవిడ అన్న మొదటి మాట అది. చిట్టియ్య పీట వేస్తే కూచోలేదు. మంచినీళ్ళిస్తే చెంబు పట్టుకుని తాగడం మరిచిపోయింది. కంట్లో మాత్రం తడి లేదు. ఏడవడానికి కూడా తీరిక లేనట్టుంది పాపం.

రాజమండ్రిలో ఆశీర్వాదంగారి గుమ్మం తొక్కేవాళ్ళు చాలామంది ఇలాగే వస్తారు. ఆయన ఇరవై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, పైవాళ్ళతో పడక వదిలేసి, సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టారు. చాటున అందరూ 'ఆరాల ఆశీర్వాదం' అంటారు. చిట్టియ్య ఆయన దగ్గర గుమాస్తా. ముప్పై అయిదేళ్ళ మనిషి. పెళ్ళాం మాట మీద కన్నా ఆయన మాట మీద గురి ఎక్కువ. అందుకు ఇంట్లో అక్షింతలు కూడా బాగానే పడుతుంటాయి.

"ముందు నీళ్ళు తాగమ్మా. ఉరి సంగతి చివర్న చెబుదువుగాని," అన్నారు ఆశీర్వాదంగారు.

ఆవిడ పేరు సుబ్బాయమ్మ. మండపేట. భర్త వీరబ్రహ్మం బళ్ళకి రంగులూ వార్నీషూ వేస్తాడు. రామచంద్రపురం దగ్గర చినలంకపాడులో వెంకటపతిరాజుగారని పెద్ద భూస్వామి. ఆయనకి మద్రాసు నుంచి తెప్పించిన నల్లని గుర్రపు కోచిబండి ఒకటుంది. ఆ బండంటే ఆయనకి పిచ్చి. ప్రతి శుక్రవారం తనే పంచె ఎగగట్టి, బండిసాల తలుపులు వేసుకుని, కడిగి తుడిచి మెరుగుపెట్టుకునేవారు. నౌకర్లని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ బండికి వీరబ్రహ్మం ఈమధ్యే కొత్త వార్నీషు వేశాడు. మొన్న శుక్రవారం పొద్దున ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. సాయంత్రానికి రాజుగారు బండిసాలలో బండి తలుపు పక్కన తల పగిలి చచ్చిపడి ఉన్నారు.

"మూడింటికి మా ఆయన అక్కడికి మళ్ళీ వెళ్ళాడండి. కుంచెలు మరిచిపోయాడంట. సాల తలుపులు మూసుంటే తిరిగొచ్చేశాడు. గేటు దగ్గర ఎవరో చూశారండి. ఇంకేముంది, సంకెళ్ళేశారు. రేపు సాయంత్రం మేజిస్ట్రీటుగారి ముందు పెడతారంట. ఆ మీదట మన చేతుల్లో ఏమీ ఉండదన్నారండి."

"ఎందుకమ్మా తగువు?"

"నూనె గురించండి. వార్నీషు మీద రాజుగారు కొబ్బరినూనె రాశారంట. కొత్త వార్నీషుకి నూనె తగిలితే పాలిపోతుందండి. ఈయనకి వార్నీషంటే ప్రాణం. నా పని పాడు చేశారని నోటికొచ్చినట్టు అరిచాడంట."

ఆశీర్వాదంగారు లేచి కోటు తొడుక్కున్నారు. "చిట్టియ్యా, కాలవ పడవ ఎన్నింటికి?"

మర్నాడు పొద్దెక్కేసరికి ముగ్గురూ చినలంకపాడు చేరారు. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు వీళ్ళని చూసి మొహం చిట్లించాడు గానీ, పాత పరిచయం వల్ల కాదనలేక బండిసాల తాళం తీయించాడు.

"చూసేదేముందండీ? తలకి తగిలింది చక్రం ఎత్తే ఇనప కడ్డీ. నేల మీదా చక్రం మీదా నెత్తురు చిమ్మింది. తలుపు మాత్రం చూడండి, అద్దంలా ఉంది. పొడిగుడ్డతో పామితే గీతలు పడతాయి. చంపినవాడు బోలెడు నీళ్ళు పోసి, మెత్తని తోలుగుడ్డతో పైనుంచి కిందికి తుడిచాడు. తోలుగుడ్డ పిండి నీడన ఆరేశాడు కూడా. ఇదంతా పని తెలిసిన చెయ్యి. ఇక్కడ పని తెలిసినవాడు ఎవడు? వీరబ్రహ్మం."

మాట సబబుగానే ఉంది. చిట్టియ్య సుబ్బాయమ్మ వైపు చూడలేక తల తిప్పుకున్నాడు.

ఆశీర్వాదంగారు తలుపు మీద వేలు పెట్టి మెల్లిగా రాశారు. వాసన చూశారు. తరువాత అగ్గిపుల్ల చెక్కి, తలుపు అంచున చెక్కిన సన్నని గాడిలో పెట్టి గీకారు. పుల్ల కొసకి ఏదో జిడ్డుగా, దాని కింద గోధుమరంగుగా అంటుకుంది. దాన్ని కాగితంలో మడిచి జేబులో వేసుకున్నారు. ఆ పైన పావుగంట సేపు సాలలో అటకా, మూలలూ, గోనెలూ అన్నీ వెతికారు.

"దేనికోసమండీ?" అన్నాడు చిట్టియ్య.

"నూనె సీసా కోసం. కనిపించడంలేదు."

బండి తోలే పెదబాబుని పిలిపించారు. నల్లగా, పొట్టిగా ఉంటాడు. భయంతో పైగుడ్డ నలిపేస్తున్నాడు.

"శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"గుర్రాల్ని కాలవకి తోలుకెళ్ళానండి. దీపాల వేళకి వచ్చి చూస్తే అయ్యగారు..."

"బండి ఎప్పుడైనా కడిగావా?"

"అమ్మో! ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నారండి. గుర్రాల మట్టుకే నేనండి."

"నూనె ఎక్కడ పెట్టేవారు?"

"ఏమోనండి. అయ్యగారికే తెలుసు. తలుపులేసుకుని చేసుకునేవారు కదండి."

రాజుగారి భార్య అలివేలుమంగగారు ఘోషా మనిషి. లోపలి తలుపు చాటు నుంచి మాట్లాడారు. గొంతు బొంగురుపోయింది.

"ఒక సంగతి చెప్పండమ్మా. రాజుగారి చూపు ఎలా ఉండేది?"

"ఎవరికీ చెప్పొద్దనేవారండి," అన్నారావిడ. "ఆరేళ్ళయింది మసక కమ్మి. వడ్డించిన విస్తట్లో ఏముందో తడుముకునేవారు. పదిమందీ జాలిపడతారని ఆయనకి నామోషీ."

"బండిని ఏం చేద్దామనుకున్నారు?"

"మా అల్లుడికి ఇచ్చేద్దామన్నారండి. భీమవరం. శుక్రవారం పొద్దునే నాతో అన్నారు."

ఇక మిగిలింది త్రినాథరాజు. రాజుగారి తమ్ముడి కొడుకు, ఎదురింట్లో ఉంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మర్యాదస్థుడు. శవం పడి ఉన్న చోటు చూపించడానికి తనే ముందు నడిచాడు. బండి దగ్గరికి వచ్చేసరికి వేలి ఉంగరం తీసి రొండిని దోపుకున్నాడు, ఉత్తరీయం కూడా దగ్గరికి తీసుకున్నాడు. మైల రోజులు కదా, అందుకేమోననుకున్నాడు చిట్టియ్య.

"మీకూ బండి మీద సరదా ఉందాండి?" అన్నారు ఆశీర్వాదంగారు.

"నాకా? అబ్బే! అది పెదనాన్నగారి పిచ్చి. నేను ఎక్కడమే తప్ప ఏనాడూ చెయ్యి పెట్టి ఎరగను. ఆ మధ్యాహ్నం భోంచేసి పడుకున్నానండి."

"నూనె సంగతి మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుస్తుందండి?"

బయటికొచ్చాక ఆశీర్వాదంగారు చిట్టియ్య చెవిలో అన్నారు: "కాలవ గట్టు నుంచి ముంతడు పల్చని బురద తీసుకురా. ఇసక ఉండకూడదు సుమా. పాపం, వార్నీషు ఏం చేసింది?"

బురద దేనికో చిట్టియ్యకి బోధపడలేదు. అడగలేదు కూడా. ఆయన అలా అన్నప్పుడు అడగకూడదని వాడికి తెలుసు.

రెండు దాటింది. ఆశీర్వాదంగారు బండిని సాల గుమ్మం దాకా లాగించి, అందర్నీ ముంగిట్లో పోగుచేశారు. ఒక పక్క సంకెళ్ళతో వీరబ్రహ్మం, పక్కన కానిస్టేబులు. వీరబ్రహ్మం గడ్డం మాసి, కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. వాడికి నాలుగు అడుగుల దూరంలో సుబ్బాయమ్మ. పెదబాబు గోడవార నిలబడ్డాడు. త్రినాథరాజు కుర్చీలో కూచున్నాడు. మేడ కిటికీ తెర వెనక అలివేలుమంగగారు. ఇన్‌స్పెక్టరు గడియారం తీసి చూసుకుంటున్నాడు.

"నాలుగింటికి బయల్దేరాలండి. తొందరగా కానివ్వండి."

"కానిస్తాను. కొట్టినప్పుడు నెత్తురు ఎలా చిమ్మిందో ముందు చూద్దాం," అని ఆశీర్వాదంగారు ముంతలో చెయ్యి ముంచి, ఆ నల్లని తలుపు మీద బురద ఛట్మని కొట్టారు.

"అయ్యో!" అన్నాడు వీరబ్రహ్మం.

ఆయన తీరిగ్గా మాట్లాడటం మొదలుపెట్టారు. గేటు దగ్గర ఎవరు చూశారు, కుంచెలు ఎక్కడ దొరికాయి, పెదబాబు ఏ రేవులో గుర్రాల్ని కడిగాడు. అన్నీ తెలిసిన సంగతులే. పడమటి ఎండ సాల నీడని తోసుకుంటూ బండి వైపు జరుగుతోంది. చక్రాన్ని దాటింది. మెట్టు ఎక్కింది. ఇన్‌స్పెక్టరు విసుగ్గా ఆవలించాడు. చిట్టియ్య మాత్రం ఆశీర్వాదంగారి చూపు ఎటు పోతోందో కనిపెట్టాడు. ఆయన బండిని చూడటంలేదు. మనుషుల మొహాలు చూస్తున్నారు.

ఎండ తలుపుకి తగిలింది. బురద అంచులు తెల్లబడుతున్నాయి.

"బాబూ, నీళ్ళు కొట్టించండి," అని గొణిగాడు వీరబ్రహ్మం. "ఎండిందంటే వార్నీషు లాగేస్తుందండి. నీళ్ళు చాలు. వట్టి నీళ్ళు."

"ఉండవయ్యా. నీ పీక మీద కత్తి ఉంది, వార్నీషు సంగతి ఇప్పుడెందుకు?" అని ఆశీర్వాదంగారు మళ్ళీ గేటు కథ ఎత్తుకున్నారు.

త్రినాథరాజు కుర్చీలో ఒకవైపు నుంచి ఇంకోవైపుకి జరిగాడు. తలుపు వంక చూసి, కళ్ళు దించుకుని, మళ్ళీ చూశాడు. బురద ఒక చోట పెచ్చుకట్టి చిట్లింది. అంతే, కుర్చీ వెనక్కి పడింది.

"మీకు బుద్ధుందా? నీళ్ళేవి? పెదబాబూ, నీళ్ళు తే!"

ఉంగరం పీకి రొండిని దోపాడు. కడవ లాక్కుని తలుపు మీద ధారగా పోశాడు. తోలుగుడ్డ తడిపి, పిండి, పైనుంచి కిందికి, పైనుంచి కిందికి, ఒక్క గీత పడకుండా తుడిచాడు. తుడవడం అయ్యాక అతని చెయ్యి మెట్టు కిందికి పోయింది. అక్కడో చిన్న చెక్క జరిగింది. చెయ్యి బయటికొచ్చేసరికి అందులో నూనె సీసా ఉంది.

సీసా మూత సగం తీసి ఆగిపోయాడు. అప్పటికి తెలిసింది అతనికి.

"ఏనాడూ చెయ్యి పెట్టి ఎరగనన్నారు," అన్నారు ఆశీర్వాదంగారు.

ఆయన జేబులోంచి కాగితం తీసి ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టారు.

"తలుపు గాడిలోది. కింద ఎండిన నెత్తురు, పైన కొబ్బరినూనె. అంటే రాజుగారు పోయాక ఎవరో తలుపు కడిగి, ఆ మీదట నూనె రాశారు. నూనె రాయొద్దని ఆ పొద్దునే పోట్లాడినవాడు మధ్యాహ్నం తనే రాస్తాడా? చెయ్యి నరుక్కుంటాడు గానీ రాయడు. ఇందాక మీ ఎదుటే 'వట్టి నీళ్ళు' అన్నాడు. నూనె రాజుగారి సొంత పద్ధతి. ఆ పద్ధతి నేర్చినవాడు ఇంకొకడు ఉండాలి. విస్తట్లో కూర కనపడనాయన ఈ బండికి అద్దంలాంటి మెరుపు ఎలా తెచ్చారండీ? తలుపులు వేసుకున్నది అందుకే. ఈ చేతులు పనిచేసేవి, మెప్పు ఆయనకి వచ్చేది. బండి దగ్గరికి వస్తూ ఈయన ఉంగరం తీసేశారు. మైల అనుకున్నాడు మా చిట్టియ్య. రాపిడి తగలకూడదని తీసే అలవాటది."

త్రినాథరాజు సీసా జాగ్రత్తగా మెట్టు మీద పెట్టాడు. అప్పుడు కూడా జాగ్రత్తే.

"ఆరేళ్ళండి," అన్నాడు. "ఒక్క శుక్రవారం మానలేదు. ఈ బండి నీదేరా అనేవారు. ఆ రోజు నేను తుడుస్తుంటే పక్కన నిలబడి, భీమవరం బావకి ఇచ్చేస్తున్నానన్నారు. బావ దొడ్డి నేను చూశాను. దీన్ని ఎద్దుల పక్కన కడతాడు! పేడ ఘాటుకి ఏడాదిలో వార్నీషు చచ్చిపోతుంది. వద్దని కాళ్ళు పట్టుకున్నాను. నవ్వారు. 'నువ్వు తుడిచేవాడివే కదరా, ఎవరిదైతేనేం' అన్నారు. చక్రం ఎత్తే కడ్డీ పక్కనే ఉంది."

"మరి వీరబ్రహ్మాన్ని తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకున్నారా?" అన్నాడు చిట్టియ్య. వాడికి ఒళ్ళు మండిపోయింది.

త్రినాథరాజు తోలుగుడ్డ మళ్ళీ పిండి, సీసా పక్కన పరిచాడు.

మేడ కిటికీ తెర తొలగింది. అలివేలుమంగగారు ఘోషా సంగతే మరిచిపోయి కిందికి చూస్తున్నారు. "బండి కోసమా త్రినాథం?" అన్నారు. "అడిగితే నేను ఇప్పించేదాన్ని కదరా!"

అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు తల ఊపాడు. వీరబ్రహ్మం సంకెళ్ళు ఊడదీసి, అవే త్రినాథరాజుకి వేశారు.

వీరబ్రహ్మం మణికట్లు రాచుకుంటూ నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు రెండడుగులు వేసి ఆగాడు. నాలుగు రోజులుగా కంట నీరు పెట్టని సుబ్బాయమ్మ వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నదల్లా అక్కడే నేల మీద కూలబడి, గొంతు ఎత్తి భోరుమంది. వాడు సిగ్గుపడిపోయి వంగాడు.

"లేవే! జనం చూస్తున్నారు."

"చూడనీ," అంది ఆవిడ, చెయ్యి వదలకుండా. "బతికున్న మొగుణ్ణి పట్టుకుని ఏడుస్తున్నాను. కళ్ళారా చూడనీ!"