నొక్కని బటన్

"నా ఆల్బమ్‌కి బటన్ నొక్కింది మీరేనా?"

తలుపైనా తట్టకుండా లోపలికి వచ్చిన మనిషిని ఆమె తలెత్తి చూసింది. వానలో తడిసి ముద్దయ్యాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళలోంచి నిప్పులు రాలుతున్నాయి. రెండింటిలో ఏది ముందు ఆరుతుందా అని చూస్తూ ఆమె హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంది.

"నేనేనండీ."

"అన్నిసార్లా?"

"వేలు నొప్పెట్టి ఆపాను. లేకపోతే ఇంకో రెండు పడేవి."

అతను ముఖం మీది నీళ్ళు విసురుగా తుడుచుకున్నాడు.

ఆ కంపెనీ చేసేది ట్రాన్స్ సంగీతం. మాటలు తక్కువ, దరువు ఎక్కువ. ఒక డీజే ఎవరెవరివో పాటలు ఏరి తెచ్చి, ఒకదాని తోకను ఇంకోదాని తలకు అతికించి, గంటకు పైగా ఎక్కడా సందు లేకుండా సాగే ఒకే మిక్స్‌గా మారుస్తాడు. అది జనంలోకి వెళ్ళేముందు ఆమె ఒక్కతే ఈ చిన్న గదిలో కూర్చుని వింటుంది. మనసు పక్కకు జరిగిన క్షణాన చేతిలోని బటన్ నొక్కుతుంది. తెర మీద ఒక ఎర్ర గీత పడుతుంది, తలుపు బయట ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, విసుగుపడటమే ఆమె ఉద్యోగం. ఆ విద్యలో ఆమెకు సాటి లేరు. ఆఫీసులో అంతా "బజర్" అని పిలుస్తారు. డీజేలు చాటుగా ఇంకేదో అంటారట. ఆమె ఎప్పుడూ ఆరా తీయలేదు.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడండి, నాకు తెలుసు. కొత్త పాటలు ఎక్కువ పెట్టాను. హిట్లు ఉంటేనే జనం కొంటారని కంపెనీ పెద్ద మేడమ్ అన్నారు. సరే, పెట్టాను కదా హిట్లు!"

"నేను నొక్కింది అక్కడేనండీ."

ఆమె తెర అతని వైపు తిప్పింది. ఎర్ర గీతలన్నీ లోకమంతటికీ తెలిసిన పాటల మీదే గుంపుగా నిలబడ్డాయి. ఎవరూ వినని పాటలున్న చోట తెర కడిగిన గచ్చులా శుభ్రంగా ఉంది.

"మీకిష్టమైన పాటల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపించారు," అందామె. "హిట్లకేమో, పిలవక తప్పని చుట్టాలకు వడ్డించినట్టు విసిరేశారు. వినేవాళ్ళకు తెలిసిపోతుంది."

అతను తెర మీదికి వంగి గీతలు లెక్కపెట్టాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. అంత కోపం అంత తేలిగ్గా ఎటు పోయిందో ఆమెకు అంతుపట్టలేదు.

"మరి ఏం చేయమంటారు?"

"తెలిసిన పాటను గుమ్మంలో నిలబెట్టి ముఖం మీద లైటు వేయకండి. ముందు మీ కొత్త పాట లోపలి నుంచి దాని అడుగుల చప్పుడు వినిపించండి. ఎవరో మనవాళ్ళే వస్తున్నట్టున్నారే అనిపించాలి. ఎవరా అని చెవి రిక్కించాలి. అప్పుడు ముఖం చూపించండి."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రోజంతా విసుగుపడేవాళ్ళకు ఆలోచించే తీరిక ఎక్కువ."

వెళ్తూ వెళ్తూ అతను తలుపు దగ్గర ఆగాడు. "నన్ను ఇంట్లో తిరగలి అంటారండీ. ఏం ఉద్యోగంరా అని మా బామ్మ అడిగితే పాటల పళ్ళేలు తిప్పుతానని చెప్పాను."

"పిండి సరిగ్గా మెదగలేదు. మళ్ళీ పట్టి తీసుకురండి," అందామె.

రెండోసారి తెచ్చినప్పుడు ఆమె వింటున్నంతసేపూ అతను బయట బల్బు కిందే కూర్చున్నాడు. ఆమె తలుపు తీయగానే లేచి నిలబడ్డాడు.

"ఆ చివర్లో బల్బు వెలిగినప్పుడు నా ప్రాణం పోయింది, తెలుసా?"

"తిరిగొచ్చిందా?"

"ఇప్పుడే. మీరు బయటికొచ్చాక."

ఆమె పకపకా నవ్వింది. నవ్వాక భయం వేసింది. ఉద్యోగంలో చేరిన రోజు పెద్ద మేడమ్ చెప్పింది ఒకే ఒక్క మాట: "డీజేలతో స్నేహం వద్దమ్మాయ్. స్నేహం చెవిలో దూది."

"ఈ ఆల్బమ్ పోతే కంపెనీ నన్ను మళ్ళీ పిలవదండీ," అన్నాడతను. "కొత్తవాళ్ళకు ఇచ్చేది ఒక్క అవకాశమే."

"భయంగా ఉందా?"

"మీరుండగా భయమేంటి? బాగోకపోతే నొక్కుతారుగా."

మూడోసారి ఆమె నొక్కలేదు. ఒక్కసారి కూడా.

బయటికి వచ్చేసరికి అతను పండగ చేసుకుంటున్నాడు. "బల్బు వెలగనే లేదు! కాలిపోయిందేమోనని రెండుసార్లు తట్టి చూశాను!"

"రిపోర్ట్ రేపు ఇస్తాను," అని ఆమె మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

దరువు ఆగిపోయి సన్నటి రాగం ఒక్కటే గాలిలో తేలే చోట ఆమె ఏం చేసింది? ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించుకుని అతను మెడ ఎలా వంచుతాడో తలచుకుంది. మనసు పక్కకు జరగలేదు నిజమే. ముందే వెళ్ళి అతని పక్కన కూర్చుంటే ఇక జరిగేదెక్కడికి?

అతను వెళ్ళిపోయాక, అనుమానం తీర్చుకోవడానికి మొదటి కాపీ పెట్టింది. అదే, విసిరేసినట్టు వడ్డించిన హిట్. ఆ రోజు వేలు దానంతట అదే పడిన చోటు. ఇప్పుడు వేలు కదల్లేదు. పైగా, 'పాపం, తొందరలో ఉన్నాడేమో' అనిపించింది.

బటన్ పాడైందేమోనని గట్టిగా నొక్కి చూసింది. ఎర్ర గీత చక్కగా పడింది. పాడైంది బటన్ కాదు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, నా వేలు పనిచేయడం లేదు."

అక్క ఆ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉందిగా."

"చెత్తగా ఉన్నది కూడా బాగుందనిపిస్తోంది."

"ఎవడే వాడు?"

"నవ్వకక్కా, నిజంగా భయంగా ఉంది. బాగుందని రాసిచ్చాక నిజంగా బాగోలేకపోతే? నన్ను నమ్మి కూర్చున్నాడు. నా చేతుల మీదుగానే మునిగిపోతాడు. వినలేనని చెబితే ఎందుకని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. అతనేమో ఇంతవరకూ నేనన్నదంతా అబద్ధమనుకుంటాడు."

అక్క చొక్కా కాలర్ సరిచేస్తూ అంది: "పెళ్ళైన కొత్తలో మీ బావ నా వంట మెచ్చుకుంటుంటే ఎంత మురిసిపోయేదాన్నో. ఒకరోజు ఉప్పు వేయడం మర్చిపోయాను. ఆ రోజూ మెచ్చుకున్నారు. దాంతో నమ్మడం మానేశాను."

"బావనా?"

"బావ నాలుకని. మనిషిని నమ్ముతూనే ఉన్నాగా. వెళ్ళి ఉప్పు తెలియడం లేదని చెప్పెయ్. ఊరికే బాగుందని రాశావా, నీకు జన్మలో నిద్ర పట్టదు."

మర్నాడు పొద్దున్నే ఆమె పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళేసరికి అతను అప్పటికే అక్కడ ఉన్నాడు. తల నున్నగా దువ్వుకుని, పరీక్ష ఫలితాలకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రిపోర్ట్ ఏదమ్మాయ్?"

"రాయలేదు మేడమ్. ఈ ఆల్బమ్ నేను... నేను వినకూడదు."

అతని ముఖం పాలిపోయింది. "అంత బాగోలేదా?"

"చెవి నొప్పా?" అన్నారు మేడమ్.

"చెవులు బాగానే ఉన్నాయి మేడమ్. నిన్న మొదటి కాపీ మళ్ళీ విన్నాను. అది కూడా బాగుంది."

"అది బాగుండటమేంటి? నేనూ విన్నానుగా. సగం చెత్త."

"అవును మేడమ్. అదే నా జబ్బు."

మేడమ్ కళ్ళజోడు తీశారు. ఆమెను చూశారు. అతన్ని చూశారు.

"అంటే... మొదటిదే ఉంచమంటారా?" అన్నాడతను అయోమయంగా.

"నాయనా, నీకు దరువు తప్ప ఇంకేదీ అర్థం కాదా?"

అప్పుడు అతనికి అర్థమైంది. అతని చెవుల చివర్లు ఎర్రగా కందిపోయాయి.

"ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం," అంటూ మేడమ్ లేచారు. "ఆ బటన్ నాకివ్వు. ఇద్దరూ బయట కూర్చోండి."

ఎర్ర బల్బు కింది బల్లకు ఈ చివర ఆమె, ఆ చివర అతను. మధ్యలో మూడో మనిషి హాయిగా పడుకునేంత ఖాళీ. కిటికీ అద్దం మీద వాన దరువు వేస్తోంది. ఇద్దరూ తలలెత్తి బల్బునే చూస్తున్నారు.

"ముందు నొక్కినవన్నీ..." గుసగుసగా అడిగాడు.

"అప్పుడు నిజంగానే విసుగేసింది."

"నిజంగానా?"

"ఒట్టు. అప్పటికి మీరంటే నాకసలు పడేది కాదు."

"అమ్మయ్య," అన్నాడతను, ఎంతో మెచ్చుకున్నట్టు.

గోడ అవతల నుంచి దరువు సన్నగా వినబడుతోంది. కొత్త పాట వచ్చింది. దాని లోపల నుంచి, తెలిసిన పాట అడుగుల చప్పుడు. పాట ముఖం చూపించింది, వెళ్ళిపోయింది. బల్బు వెలగలేదు. ఇంకో పాట. వెలగలేదు. మేడమ్‌కు నిజంగా నచ్చిందా, లేక నిద్రపోయారా?

చివరికొస్తుండగా బల్బు వెలిగింది. ఎర్రగా, తీరిగ్గా వెలిగి ఆరింది.

దరువు ఆగి రాగం తేలే చోటది. ఆమె అతన్ని తలచుకుంటూ కూర్చున్న చోటు. తనకు తెలియని తప్పు అక్కడే ఉంది.

అతను తల దించుకున్నాడు. "అక్కడ దరువు మళ్ళీ రావాలండీ. నేనే రానివ్వలేదు."

"ఎందుకు?"

"రెండోసారి విని బయటికొచ్చినప్పుడు మీరు ఆ రాగమే తీస్తున్నారు. ఇంకాస్తసేపు ఉంటే మీకు బాగుంటుందని సాగదీశాను. మిగతా జనం గుర్తే రాలేదు."

తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"ఒక్కచోట సాగింది. అది కత్తిరించి పంపు. మిగతాది వెళ్ళచ్చు," అన్నారు మేడమ్ అతనితో. ఆమె వైపు తిరిగి బటన్ చేతిలో పెట్టారు. "ఇకమీదట ఇతనివి నేను వింటాను, మిగతావాళ్ళవి నువ్వు విను. ఇంకో డీజే దగ్గర వేలు ఆగితే మాత్రం ముందే చెప్పు."

"ఇంకోసారి ఆగదు మేడమ్."

మేడమ్ నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయారు.

"సాయంత్రానికల్లా ఆ ముక్క కత్తిరించేస్తాను," అన్నాడతను, నేల చూపులు చూస్తూ.

"కత్తిరించండి. పారేయకండి."

"మరేం చేయను?"

"నాకివ్వండి. విసుగు పుట్టేదాకా నా దగ్గరే ఉంచుకుంటాను."

ఆమె చేయి చాచింది. ఇవ్వడానికి అప్పుడు అతని దగ్గర ఏమీ లేదు కాబట్టి చేయే ఇచ్చాడు.