చెప్పకుండా ఏమీ చేయను

"మాయమ్మను బెదరగొట్టింది నువ్వే గదా?"

మదనపల్లె ఆసుపత్రిలో ఓపీ గది ముందు నిలబడి రామచంద్ర అరిచిన అరుపుకు వరుసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. ఎదురుగా ఉన్న నర్సు చేతిలో ట్రే ఉంది. ఆమె ముఖంలో కోపం రాలేదు. ఆశ్చర్యం మాత్రమే వచ్చింది.

"నేనా? మీ అమ్మతో నేనింగా ఒక్క మాటగూడా మాట్లాడలేదే!"

"మాట్లాడాల్నా? ఆ ట్రేలో సూదులు సూసింది. లేసి పోయింది. నెల దినాలు బతిమాలి పిల్చుకోనొచ్చినా నేను. ఒక్క నిమిషంలో అంతా పోగొట్టేసినావు."

"మాట్లాడకపోవడమే నా తప్పు," అంది నర్సు. ట్రే పక్కనున్న మనిషికి ఇచ్చేసింది. "రాప్పా, యాడుండాదో సూద్దాం."

ఆమె పేరు చంద్రిక. కుప్పం పిల్ల. రామచంద్రది చౌడేపల్లె. ఊరూరా తిరిగి పాలు సేకరించి పుంగనూరు చేరవేసే వ్యాను నడుపుతాడు. తల్లి మునిలక్ష్మమ్మ రొమ్ములో గడ్డను ఎవరికీ చెప్పకుండా చాలాకాలం దాచింది. అతని చెల్లెలు ప్రసన్నలక్ష్మి పుట్టింటికి వచ్చినప్పుడు తల్లి రవిక మీద మరక చూసి నిలదీస్తేనే బయటపడింది.

మునిలక్ష్మమ్మ బస్టాండులో దొరికింది. తుంపర పడుతోంది. కొంగు తల మీదికి లాక్కుని, పుంగనూరు బస్సు కోసం బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది.

రామచంద్ర కాస్త దూరంలో ఆగాడు. చంద్రిక రెండు టీలు తెచ్చి ఆమె చేతికొకటి ఇచ్చి పక్కన కూర్చుంది.

"నన్ను తోలుకోని పోయేదానికి వచ్చినావా?"

"లేదమ్మా. బస్సొచ్చేదాకా కూసుందామని."

ఎన్ని ఆవులున్నాయి, ఏది ఎక్కువ తంతుంది అని చంద్రిక అడిగింది. మునిలక్ష్మమ్మ చెప్పింది. చెప్తూ చెప్తూ, ఎవరూ అడక్కుండానే మొగుడి సంగతికి వచ్చింది.

"మాయాయన బాలప్ప నడిసే పోయినాడు పాపా ఆసుపత్రి లోపలికి. రొమ్ములో మంట అన్న్యాడు. తలుపేసినారు. ఎవురూ ఏమీ చెప్పలా. తలుపు తీస్తే గుడ్డ కప్పిన మనిషి బయటికొచ్చినాడు. లోపలేం జరిగిందో నాకు ఈ పొద్దుకీ తెలీదు."

చంద్రిక గ్లాసు కింద పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "లోపలేం జరుగుతాదో నేను చెప్తా. విన్నాక బస్సెక్కతానంటే ఎక్కేయమ్మా."

"నొప్పి పుడ్తాదా?"

"పుడ్తాది. చీమ కుట్టినట్టుంటాదని నేను చెప్పను. మొదటి సూది తుమ్మముల్లు గుచ్చుకున్నట్టుంటాది. దాంతో ఆ సోటు మొద్దుబారిపోతాది. అప్పుడు ఇంకో సూదితో గడ్డలోంచి నూలుపోగంత ముక్క తీస్తారు. తీసేటప్పుడు టప్పుమని సద్దొస్తాది. శానామంది ఆ సద్దుకే ఉలిక్కిపడ్తారు. అది ఒట్టి సద్దేనమ్మా."

"తలుపేస్తారా?"

"మానం కోసం ఏస్తారు. నేను నీ పక్కనే ఉంటా. వద్దనిపిస్తే సెయ్యెత్తు, ఆపిస్తా. నీకు చెప్పకుండా ఏమీ చేయను."

పుంగనూరు బస్సు వచ్చింది. కండక్టరు గొంతు చించుకున్నాడు. మునిలక్ష్మమ్మ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని బస్సు వెళ్లిపోయేదాకా చూసింది.

"పదండి, ఇంగ తడుస్తా యాల కూసోవాల," అంది లేస్తూ.

రామచంద్ర వెనకాల నడిచాడు. ముందు నడుస్తున్న నర్సు జుట్టు మీద చినుకులు ఎక్కడివక్కడ నిలిచి మెరుస్తున్నాయి. తాను ఇందాక అరిచింది ఈమె మీదేనా అని సిగ్గుపడ్డాడు.

గడ్డ క్యాన్సరే. ఆపరేషనైంది. తర్వాత కీమో మొదలైంది. మందు ఎక్కించడానికి వచ్చిన ప్రతిసారీ రామచంద్ర చేతిలో ఒక పాలక్యాను ఉండేది.

"సిస్టర్, పాలు."

"మళ్లానా? మా నర్సులంతా నన్ను పాలసిస్టరంటాండారు."

"ఆ సిస్టరనే మాట తీసెయ్యమను. పాలు ఉండనీ."

"ఏందప్పా, మాటలు శానా వస్తాండాయి! ఆ పొద్దు అరిసిన మనిషివేనా?"

"ఆ పొద్దు బయంతో అరిసినా."

"మరిప్పుడు బయం లేదా?"

"ఉండాది. వేరే బయం."

చంద్రిక సెలైన్ సీసా సరిచేస్తున్నట్టు అటు తిరిగింది. సీసా సరిగానే ఉంది. మంచం మీద జుట్టంతా రాలిన తలకు గుడ్డ చుట్టుకుని పడుకున్న మునిలక్ష్మమ్మ కళ్లు తెరవకుండానే నవ్వి కొడుకును ముద్దుగా పిలిచింది.

"సామీ, ఆ పిల్లకి పేరు లేదారా? తల్లీదండ్రీ చంద్రికని పెట్టుకోనుంటే నువ్వు ఇంకో పేరు పెడ్తాండావు."

ఆ వార్డులో మునిలక్ష్మమ్మకు ఇప్పుడు పేరొచ్చింది. కొత్తగా వచ్చి వణికిపోతున్న ఆడవాళ్ల దగ్గరికి తనే వెళ్లి కూర్చునేది. "ఈ ఎర్రమందు ఎక్కినాక ఒంటేలు ఎర్రగా వస్తాది. రగతమనుకోని బయపడొద్దమ్మా, అది మందు రంగే. నాకు మా పాప ముందే చెప్పింది," అనేది. సూదులు చూసి బస్టాండుకు పారిపోయిన మనిషి ఈమేనా అని రామచంద్ర ఆశ్చర్యపోయేవాడు.

కీమో అయిపోయింది. జుట్టు మళ్లీ మొలిచింది. అంతా బాగుందనుకుంటున్న రోజుల్లో ఆమెకు నడుంనొప్పి మొదలైంది. మళ్లీ స్కాన్ తీశారు.

ఎముకలకు పాకిందని డాక్టర్ చెప్పి వెళ్లాక రామచంద్ర వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. చంద్రిక వచ్చింది.

"అమ్మకి చెప్పొద్దు," అన్నాడు.

"ఆమె అడిగితే?"

"వాతం నొప్పులని చెప్పు."

"నేనుగా పోయి చెప్పను రామచంద్రా. కానీ ఆమె అడిగితే అబద్దం చెప్పలేను. ఆ నమ్మకంతోనే ఆమె లోపలికొచ్చింది."

"నీకేమి, నువ్వు చెప్పి ఇంకో మంచం కాడికి పోతావు. నేను గదా ఇంట్లో ఆమె మొగం సూడాల్సింది!" అతను గోడను అరచేత్తో చరిచాడు. "నువ్వు చెప్పినావంటే ఇంగ నా ఎదురుగ్గా రావద్దు."

ఆ సాయంత్రమే మునిలక్ష్మమ్మ చంద్రిక చేయి పట్టుకుంది.

"పాపా, మావోడు నా కండ్లల్లోకి సూడటంలా. తిరిగొచ్చిందా?"

చంద్రిక మంచం అంచున కూర్చుంది. "ఎంత తెలుసుకోవాలని ఉండాదమ్మా నీకు?"

"అంతా."

చంద్రిక డాక్టరును పిలుచుకుని వచ్చింది. ఆయన చెప్పింది చెప్పాక, అర్థం కాని మాటలన్నీ తను విడమరిచి చెప్పింది. ఇంక నయం కాదని చెప్పింది. నొప్పికి మాత్రం మంచి మందుందని, ఇంట్లో ఎలా వాడాలో నేర్పుతానని చెప్పింది. మునిలక్ష్మమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసింది. ఏడవలేదు.

ఏడ్చింది రామచంద్ర. ఏడుస్తూనే చంద్రికను అనకూడని మాట అన్నాడు.

"మాయమ్మను నువ్వే సంపేసినావు."

చంద్రిక వెనుదిరిగి వెళ్లిపోయింది. కుప్పంలో ఉద్యోగం వచ్చినా మదనపల్లె వదలడానికి మనసొప్పక అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడు వెళ్లి చేరిపోయింది.

ఇంటికి వచ్చాక మునిలక్ష్మమ్మ మంచం పట్టి మూలుగుతూ గడుపుతుందనుకున్నాడు రామచంద్ర. ఆమె అలా చేయలేదు. వ్యానులో పరుపేయించుకుని బోయకొండ గంగమ్మ గుడికి వెళ్లి వచ్చింది. ఎన్నో ఏళ్లుగా మాటల్లేని తోడికోడలిని పిలిపించి అన్నం తిని పొమ్మంది. నొప్పి పెరిగినప్పుడు మందు ఎంత వేయాలో, వాంతులైతే ఏం చేయాలో ప్రసన్నలక్ష్మి ఫోనులో ఎవరినో అడిగి తెలుసుకునేది. అవతల ఎవరో రామచంద్రకు తెలుసు. తెలియనట్టు పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు తల్లి పిలిచింది.

"సామీ, ఆ పిల్ల మింద కోపం పోలేదా?"

అతను ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాడు.

"మీ నాయిన పోతాడని ఎవురన్నా ఒక్కరు నాకు చెప్పుంటే, లోపలికిపోయి ఒక్క మాట మాట్లాడుకోనుందును. ఆ మాట నా గొంతులోనే ఉండిపోయింది రా ఇన్నేండ్లూ. నేను పోయేటప్పుడు నీ గొంతులో ఏమీ మిగలగూడదు. అడగాల్సింది అడుగు, తిట్టాల్సింది తిట్టు. ఈ దినాలు ఆ పిల్ల మనకిచ్చినవి."

రామచంద్ర తల్లి ఒడిలో తల పెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజూ పాలు దించి వచ్చాక ఆమె పక్కనే కూర్చునేవాడు. తండ్రి గురించి అడిగాడు. చిన్నప్పుడు తనను ఎందుకు కొట్టిందో అడిగి నవ్వించాడు.

మునిలక్ష్మమ్మ ఒక తెల్లవారుజామున, ఆవులు అరిచే వేళ, కొడుకు చేతిలో చేయి ఉంచి వెళ్లిపోయింది. చంద్రిక రాలేదు. ఎదురుగ్గా రావద్దన్నది తనే గదా అని పాడె దగ్గర రామచంద్రకు గుర్తొచ్చింది. ఆ క్షణంలో అతనికి రెండు దుఃఖాలు ఒక్కసారే వచ్చాయి.

కొన్ని నెలలు గడిచాయి. ఒకనాడు ప్రసన్నలక్ష్మి పుంగనూరు నుంచి అన్నకు ఫోను చేసి మాట్లాడకుండా ఏడ్చింది. ఆమె రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది.

ఆసుపత్రికి పోదామంటే రానంది. మొగుడు చెప్పాడు, అత్త చెప్పింది. రామచంద్ర తనకు తెలిసినట్టు సూది గురించి, ముక్క గురించి చెప్పబోయాడు. మధ్యలో తన గొంతే వణికింది.

"నీకే బయంగా ఉండాది గదన్నా," అంది చెల్లెలు. "ఆమె చెప్తే వింటా."

వ్యాను కుప్పం చేరేసరికి వాన మొదలైంది. ఆసుపత్రి ముందు ఆపితే ప్రసన్నలక్ష్మి సీటు పట్టుకుని కూర్చుండిపోయింది. దిగలేదు. రామచంద్ర ఒక్కడే లోపలికి వెళ్లాడు.

చంద్రిక వరండాలో నలుగురు ఆడవాళ్లకు ఏదో వివరిస్తోంది. అతన్ని చూసి మాట ఆపేసింది. వాళ్లను పంపించి దగ్గరికి వచ్చింది. ముందు ఆమే మాట్లాడింది.

"ఆఖర్న బయపడిందా?"

"లేదు. నా సెయ్యి పట్టుకోనుండాది. పాలకు పొద్దెక్కతాంది లేయ్ రా అన్నది. అంతే."

చంద్రిక ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు అద్దుకుంది. "రావాలని బయల్దేరినా. బస్టాండుదాకా వచ్చి వెనక్కి పోయినా."

"ఆ మాట అన్న నోరు పడిపోవాల."

"అట్లనొద్దు. అమ్మ పోతాంటే ఎవురైనా అంటారు."

"నేను మందులు అడిగేదానికి రాలా చంద్రికా." మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. ఆమె తల ఎత్తింది. "అంటే... అడగాల్సింది ఉండాది, చెల్లెలికి గడ్డ తగిలింది, బండిలో కూసోనుండాది, దిగనంటాంది. అది ముందు సూడు. కానీ అది లేకపోయినా వచ్చుందును. నువ్వు లేకుండా ఉండలేకపోతాండా. చెప్పకుండా పెట్టుకోని శానా దినాలు పారేసినా."

చంద్రిక అతని కళ్లలోకి చూసింది. "నాకు తెలుసప్పా. నీ నోట వినాలని ఉండె," అంది. వానలోకి దిగి వ్యాను దగ్గరికి వెళ్లింది. ఎక్కి తలుపు మూసుకుంది.

రామచంద్ర బయట తడుస్తూ నిలబడ్డాడు. అద్దం మీద ఆవిరి పట్టి లోపల ఏమీ కనపడలేదు. మాటలు వినపడలేదు. ఒకసారి ఏడుపు వినపడింది. తర్వాత, అతను నమ్మలేకపోయాడు, నవ్వు.

తలుపు తెరుచుకుంది. ప్రసన్నలక్ష్మి ఒక కాలు కింద పెట్టి ఆగింది.

"నువ్వు పక్కనే ఉంటావు గదా వదినా?"

చంద్రిక నిశ్చేష్టురాలై చూసింది. "ఏమన్న్యావు?"

"వదినా అన్న్యా. అట్లే పిలవమని అమ్మ చెప్పి పోయింది. మావోడు మొండోడు, ఆ పిల్ల కాడికి ఆలస్యంగా పోతాడు, అంతదాకా ఆమెను నువ్వు వదలొద్దు అన్నది."

వానలో నిలబడి ముగ్గురూ ఏడ్చారు. తర్వాత ఆడవాళ్లిద్దరూ చేయీ చేయీ పట్టుకుని లోపలికి నడిచారు.

రిపోర్టు వచ్చిన రోజు రామచంద్ర, ప్రసన్నలక్ష్మి మళ్లీ కుప్పం వచ్చారు. అది క్యాన్సర్ కాదు, వయసులో ఉన్న ఆడవాళ్లకు వచ్చే మామూలు గడ్డ. అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలని డాక్టర్ చెప్పింది. ప్రసన్నలక్ష్మి గట్టిగా ఊపిరి వదిలి వదిన భుజం మీద తల వాల్చింది. రామచంద్ర సంతోషంతో ఫోను తీశాడు. తీసి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ మాట మొదట ఎవరికి చెప్పాలో ముగ్గురికీ తెలుసు. ఆమే లేదు.

చంద్రిక మెల్లగా అతని చేతిలోంచి ఫోను తీసుకుని, ఖాళీ అయిన ఆ చేతిలో తన చేయి పెట్టింది.